బుసల్ఫాన్‌కు ముందు లివర్ కోసం పసరు పట్టించవచ్చా?

మీ బాబుకు తలసీమియా, 20 కిలోల బరువు, వచ్చే నెల హైదరాబాద్‌లోనే బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్. ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇస్తామన్నారు, లివర్ దెబ్బతినకూడదు కాబట్టి ఇప్పటినుంచే నేల ఉసిరి, తిప్పతీగ పసరు పట్టించమని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడుతున్నారని రాశారు. వద్దండీ. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి. పైగా మధ్యలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బను చూపే రక్తపరీక్ష) పెరిగితే అది కీమో వల్లో పసరు వల్లో ఎవరూ తేల్చలేరు.

కొత్తగా ఏం ఇవ్వాలన్నదానికన్నా ఏం ఆపాలన్నదే ఇక్కడ ముఖ్యం. ముందు డోలో, అంటే పారాసిటమాల్. బుసల్ఫాన్‌ను లివర్ తనలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థంతో కలిపి వదిలించుకుంటుంది. పారాసిటమాల్ ఆ నిల్వనే తినేస్తుంది. అందుకే బుసల్ఫాన్‌కు 72 గంటల ముందునుంచి, అది నడిచినన్నాళ్లూ పారాసిటమాల్ ఉండకూడదు. జలుబు సిరప్‌లలోనూ అదే ఉంటుంది, సీసా వెనక చదవండి. జ్వరమొస్తే మందు వెయ్యకుండా వార్డుకు ఫోన్ చెయ్యండి. విరేచనాలకని మెట్రోనిడజోల్ కూడా సొంతంగా వెయ్యొద్దు, బుసల్ఫాన్ స్థాయి పెరిగిపోతుంది. ఫంగస్ మందు ఇట్రాకొనజోల్‌దీ అదే బాపతు.

లివర్ కాపుదలకు ఇచ్చే మందు ఒకటుంది, అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. మామూలుగా రోజుకు కిలోకు 12 మి.గ్రా., అంటే మీవాడికి 240 మి.గ్రా., రెండు పూటలకు పంచి, తిండితోపాటు. కండిషనింగ్‌కు (ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందిచ్చే ఈ కీమోకు) ముందే మొదలుపెట్టి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత సుమారు 90వ రోజు వరకు నడుపుతారు. స్ట్రిప్ అయిపోయిందని ఆపకండి.

బుసల్ఫాన్ లెవెల్ రక్తంలో కొలుస్తారా అని అడగండి. మందు ఎక్కిన ల్యూమెన్‌లోంచే (సెంట్రల్ లైన్‌లోని అదే గొట్టంలోంచే) శాంపిల్ తీస్తే లెవెల్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, డోసు తగ్గించేస్తారు. తలసీమియాలో లివర్ ఇప్పటికే పెద్దదై ఉంటే బుసల్ఫాన్ బదులు ఇచ్చే ట్రియోసల్ఫాన్ గురించి కూడా అడగొచ్చు, లివర్ మీద దాని దెబ్బ తక్కువ. రక్తం ఎక్కించడంతో పేరుకున్న ఐరన్ నెలలో దిగేది కాదు గానీ దాన్ని తగ్గించే కీలేషన్ మాత్ర ఒక్కరోజూ తప్పించకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. ఐరన్ నిల్వకు చేసే రక్తపరీక్ష ఫెరిటిన్ ఇన్ఫెక్షన్‌తోనూ పెరుగుతుంది, కాబట్టి లివర్ ఐరన్ ఎమ్మారైలో చూడాలి.

ఇక అడ్మిట్ అయ్యాక మీ చేతిలో ఉన్న అసలు పని తూకం. పొద్దున, సాయంత్రం, అదే మెషిన్ మీద, మూత్రం పోయించాక, ఒకేరకం బట్టల్లో. బొడ్డు దగ్గర టేపుతో చుట్టుకొలత కూడా రాయండి. లివర్‌లోని సన్న రక్తనాళాల లోపొర దెబ్బతిని దారి మూసుకుపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది. దాన్నే వీఓడీ అంటారు. కామెర్లు కనబడేదాకా ఆగకండి, పిల్లల్లో బిలిరుబిన్ పెరగకుండానే ఇది రావచ్చు. మీవాడికి ఒక కిలో పెరిగిందంటే 5 శాతం. కుడి పక్కటెముకల కింద నొప్పి, ప్లేట్‌లెట్స్ ఎక్కించినా నిలవకపోవడం కూడా తోడైతే రౌండ్స్ దాకా ఆగకుండా అప్పుడే చెప్పండి.

వీఓడీకి వాడే మందు డెఫిబ్రోటైడ్. దాన్ని ముందుజాగ్రత్తగా ఇస్తే లాభమని పెద్ద ట్రయల్‌లో తేలలేదు. వీఓడీ ముదిరితే మాత్రం కిలోకు 6.25 మి.గ్రా. చొప్పున 6 గంటలకోసారి అదే ఇస్తారు. చాలా ఖరీదు, అన్నిచోట్లా స్టాక్ ఉండదు. ఎక్కడినుంచి తెప్పిస్తారో, ఎన్ని గంటల్లో వస్తుందో అడ్మిషన్‌కు ముందే అడిగి రాసిపెట్టుకోండి.