కొడుకు ప్రమాణం చేస్తే పొలం ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు దాటింది. వచ్చే నెలలో అమెరికా పౌరసత్వ ప్రమాణం ఉందని చెప్పాడు. ఆ ప్రమాణ పాఠాన్ని మా వారు ఫోనులో చదివారు. ఇంతకుముందు పౌరుడిగా ఉన్న దేశంపై విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని అందులో ఉందట. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటం మానేశారు. ‘పరాయివాడయ్యాక నల్గొండలో నాలుగెకరాలు ఎవరికి?’ అంటున్నారు. ప్రమాణం చేసేలోపే పొలాన్ని వాడి పేరున గిఫ్ట్ డీడ్ చేసేయమని మా మరిది సలహా. చేయమంటారా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దమ్మా. మీ మరిదిగారి సలహా వినడానికి బాగుంది కానీ చట్టం ముందు నిలవదు. మీ అబ్బాయి ఇంకా భారత పౌరుడే అయినా, ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధనల లెక్కలో ఇప్పటికే ప్రవాసి. ప్రవాసులు వ్యవసాయ భూమిని కొనకూడదు, కానుకగా పుచ్చుకోకూడదు. తోటలకూ ఫాంహౌస్‌లకూ ఇదే వర్తిస్తుంది. రేపు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకున్నా ఇవే ఆంక్షలు. కాబట్టి ప్రమాణానికి ముందే కానిచ్చేయాలన్న హడావిడి దండగ.

వారసత్వంగా వచ్చే పొలానికి మాత్రం ఈ అడ్డు లేదు. అతను అమెరికా పౌరుడైనా, ఓసీఐ కార్డు ఉంటే తండ్రి పొలం దక్కుతుంది. వద్దనుకుంటే ఇక్కడ నివసించే భారతీయులకు అమ్ముకోవచ్చు. అందుకే గిఫ్ట్ డీడ్ మాట మరిచిపోయి వీలునామా రాయించండి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు కావాలి, వారు ఆస్తి పొందేవారు కాకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నేను చెబుతాను. తర్వాత తగాదా వస్తే ఆ కాగితానికి ఉండే బలం వేరు. పొలం వివరాలు పట్టాదారు పాసుపుస్తకంలో ఎలా ఉంటే అలాగే, ఎకరాలూ గుంటలతో సహా దించండి. అక్కడ సర్వే నంబరు 412/అ అని ఉంటే ఇక్కడా 412/అ అనే ఉండాలి. ఆ ‘అ’ ఎగిరిపోయిన వీలునామాలు పట్టుకుని విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పిడి) కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే వాళ్లను చాలామందిని చూశాను.

పొలం మీ వారు సొంతంగా కొన్నదో, పెద్దల నుంచి వచ్చిందో మీరు రాయలేదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయితే ఆయన తన వాటాకు మాత్రమే వీలునామా రాయగలరు. మీకు ఆడపిల్లలు ఉంటే వారికీ కొడుకుతో సమానంగా వాటా ఉంటుంది. ఈ ముక్క మీ మరిదిగారికి కూడా వినిపించండి.

ఇక మీ వారి కోపం సంగతి. ప్రమాణంలో ఆ మాటలు ఉన్న మాట నిజమే. కానీ ఇంకో పౌరసత్వం ఉంచుకుంటే అమెరికా అడ్డుచెప్పదు. కుదరదనేది మనమే. 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణానే భారత పౌరసత్వం రద్దవుతుంది. అలగదలచుకుంటే ఆయన పార్లమెంటు మీద అలగాలి, పిల్లవాడి మీద ఎందుకు? పైగా ఓసీఐ కార్డులు మొదటిసారి పంచింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. ఆ కార్డు ఉంటే వీసా లేకుండా ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడే వీలుండదు, ప్రభుత్వోద్యోగాలు దాదాపు రావు. మీ ఇంటి చిరునామాతో ఓటరు జాబితాలో అతని పేరు ఇంకా ఉంటే ఫారం 7 ఇచ్చి తీయించండి.

అబ్బాయికి ఒక్కటి గట్టిగా చెప్పండి. ప్రమాణం అయ్యాక భారత పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. గడువు ఇంకా ఉంది కదా అని దానితోనే విమానం ఎక్కితే నేరం. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, పాతదాన్ని సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి దరఖాస్తు చేయాలి. ఇవన్నీ అయ్యేసరికి సమయం పడుతుంది. కాబట్టి ఆ మధ్యలో ఇంట్లో పెళ్లి పెట్టుకోకండి. తప్పక రావాల్సివస్తే అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకుని రావచ్చు.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. అక్క పిటిషన్ వేస్తే గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది. అక్కడి చలికి తట్టుకోలేక ఏటా ఏడెనిమిది నెలలు నిజాంపేటలో మా దగ్గరే ఉంటుంది. పౌరసత్వ పరీక్ష తెలుగులో రాయవచ్చా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఆమెకు ఆ వీలు లేదు. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డు మీద అక్కడ 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిషు మినహాయింపు ఉంది. 50 దాటినవారైతే 20 ఏళ్లు ఉండాలి. వారు కూడా రాయనక్కర్లేదు, దుబాసీ సాయంతో తెలుగులో నోటితో జవాబులు చెబుతారు. 2025 అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు చేసినవారిని 128 ప్రశ్నల జాబితాలోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి.

కానీ మీ అమ్మగారి విషయంలో పరీక్ష దాకా వెళ్లనవసరం లేదు. దరఖాస్తుకు ముందు అయిదేళ్లలో కనీసం 30 నెలలు ఆమె అమెరికాలో ఉండి ఉండాలి. ఏటా నాలుగైదు నెలలు ఉంటే 25కు మించదు. పైగా ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందని అనుమానిస్తారు. అసలు గ్రీన్ కార్డుకే ముప్పు వచ్చేలా ఉంది. అది అక్కడ కాపురం ఉండేవారి కోసం ఇచ్చేది, చుట్టపుచూపుగా వెళ్లేవారికి విజిటర్ వీసా ఉంది. వచ్చేసారి విమానాశ్రయంలో అధికారి ఆ ప్రశ్న వేయకముందే, ఆమె ఎక్కడ ఉండదలచుకుందో మీ అక్కా మీరూ కూర్చుని ఆమెనే అడగండి. ఇక్కడే అంటే, ఆ కార్డును తనంతట తానే అప్పగించి విజిటర్ వీసాకు దరఖాస్తు చేసుకోవడం మేలు.