డిస్క్ బల్జ్ అని రిపోర్టు వచ్చింది, మెడా నడుమూ రెండూ నొప్పే, ఎవరికైనా నిజంగా తగ్గిందా?

నాకు తగ్గింది. నొప్పి అసలు లేదు అని చెప్పను గానీ నా పనులన్నీ నేనే చేసుకుంటున్నాను, ఆపరేషన్ లేకుండా. మీరు రాసినట్టే నాకూ ఎంఆర్ఐలో నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే రెండు వెన్నుపూసల దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ బయటికి ఉబ్బడం, నరం మీద ఒత్తిడి అని వచ్చింది.

బరువేదో ఎత్తితే వచ్చింది కాదు. పొద్దున పళ్లు తోముకుని ఉమ్మడానికి వాష్‌బేసిన్ మీదికి వంగాను, నడుంలో జివ్వుమంది, ఇక పైకి లేవలేను, కూర్చోలేను. నోట్లో నురగతోనే కుళాయి పట్టుకుని అలా ఎంతసేపు నిలబడ్డానో. రెండు రోజులకి నొప్పి పిరుదులోంచి ఎడమ పిక్క దాకా దిగి, బొటనవేలు తిమ్మిరెక్కింది.

నేను చేసిన పెద్ద తప్పు, రిపోర్టు చూసి భయపడి మూడు వారాలు మంచం దిగకపోవడం. కదిలితే డిస్క్ ఇంకా బయటికి వచ్చేస్తుందేమో అని టెన్షన్. పడుకున్నకొద్దీ ఒళ్లు బిగుసుకుపోయి, లేచి బాత్రూమ్‌కి వెళ్లడం కూడా ఒక ప్రయాణం అయిపోయింది. చివరికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి, ముందు నడిచి చూపించమన్నారు. నొప్పే లేని మనుషులకి స్కాన్ తీసినా ఇవే మాటలు వస్తాయని చెప్పారు. తర్వాత నేనూ చదివాను, అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది, దాని ప్రకారం ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంటుంది, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతం. పైగా బయటికి జారిన డిస్క్ ముక్కని చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించేసుకుంటుందట. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

మొదట ఐదేసి నిమిషాల నడక, రోజుకి ఐదారుసార్లు, ఇంట్లోనే. దాంతోపాటు బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ పైకెత్తి కాసేపు ఉండటం. పది రోజులకి పిక్కలో నొప్పి పోయింది గానీ నడుంలో ఎక్కువైంది, నేను హడలిపోయి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వేసి మంచి లక్షణమే అన్నారు. కాల్లో నొప్పి పైకి, నడుం మధ్యకి జరుగుతుంటే దారిలో పడ్డట్టు, కిందికి పాదం వైపు జారుతుంటే ఆ వ్యాయామం ఆపేయాలి. నాకు ఇంతకంటే పనికొచ్చిన మాట ఇంకొకటి లేదు. అయితే నా వ్యాయామమే మీరూ చేయకండి, వంగితే హాయిగా ఉండి వెనక్కి వాలితే నొప్పి పెరిగేవాళ్లూ ఉంటారు, ముఖ్యంగా వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్దవాళ్లు. వాళ్లకి ఇది సరిగ్గా ఉల్టా.

మెడ సంగతి. తల బరువే సుమారు ఐదు కిలోలు, దాన్ని ముందుకి వేలాడేసి గంటలు గంటలు ఫోన్ చూస్తుంటే మెడ వెనక కండరాలు ఎంతసేపని మోస్తాయి? కాలర్ నేనూ పెట్టుకున్నాను, పది రోజుల తర్వాత తీస్తే తల నిలబెట్టడానికే నీరసం. స్క్రీన్ కంటి ఎత్తుకి లేపడం, గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టడం, తలగడ పల్చన చేయడం, ఇవి పనిచేశాయి. నిటారుగా కూర్చోమని అందరూ అంటారు గానీ, నా అనుభవంలో నిటారుగా రెండు గంటలు కదలకుండా కూర్చున్నా అదే నొప్పి. అరగంటకోసారి లేవడమే మందు.

పెయిన్ కిల్లర్లు డాక్టర్ రాసినన్ని రోజులే వాడండి. నేను సొంతంగా పొడిగించి కడుపు పాడుచేసుకున్నాను, కిడ్నీలకి కూడా మంచిది కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు: మూత్రం రాకపోయినా, మూత్రం, మల విసర్జన మీద పట్టు తప్పినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవక ఈడ్చుకుపోతున్నా, వెంటనే ఎమర్జెన్సీకే వెళ్లాలి, ఫిజియోథెరపీ అంటూ కూర్చోకూడదు. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చెయ్యి పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా అంతే.

బాగయ్యాక కూడా ఎనిమిది నెలలకి ఒకసారి మళ్లీ పట్టేసింది. ఈసారి మంచం ఎక్కలేదు, కాపడం పెట్టుకుంటూ నడిచాను, నాలుగో రోజుకి వదిలింది. ఇప్పటికీ వాష్‌బేసిన్ దగ్గర ఒక చెయ్యి అంచు మీద ఆనించే ఉమ్ముతాను.

ఇంతకీ మీ నొప్పి మోకాలి కిందికి దిగుతోందా, పైనే ఆగుతోందా? అది రాయలేదు మీరు. వంగితే ఎక్కువవుతోందా, వెనక్కి వాలితేనా అన్నది కూడా రెండు రోజులు గమనించి చెప్పండి.