కప్లర్ మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు కొన్న పాత ట్రైలర్ ఫొటోలు చూశాను. చట్రం గట్టిగానే ఉంది. ట్రైలర్ ముక్కున ఉండి కారుకు తగిలే కప్లర్ మాత్రం తుప్పుపట్టి, పిడి కదలకుండా బిగుసుకుపోయింది. మార్చాల్సిందే. బోల్టులతో ఆగుతుందా, వెల్డింగ్ చేయించాలా అని అడిగావు. బోల్టుల కోసమే రంధ్రాలు పెట్టి తయారుచేసిన కప్లర్‌ను బోల్టులతోనే బిగించాలి. పైగా జింకు పూత ఉన్న ఇనుమును వెల్డ్ చేస్తే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. నువ్వు భయపడాల్సిన చోటు వేరే ఉంది.

మన ఊళ్లో ట్రాక్టరుకు ట్రక్కు తగిలించడం చూశావుగా. పిన్ను దించితే పని అయిపోయేది, పడిందో లేదో కంటికి కనిపించేది. ఇక్కడ టెక్సాస్‌లో నీ బండికి అలా కాదు. కారు వెనక హిచ్ అనే ఇనుప కొక్కెం మీద ఒక గుండు ఉంటుంది, అదే హిచ్ బాల్. కప్లర్ దాని మీద గిన్నెలా బోర్లపడుతుంది, పిడి మూయగానే లోపలి దవడ బాల్ కింది భాగాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు పైనుంచి కనిపించదు.

అక్కడే నేను మోసపోయాను. ఓసారి స్నేహితుడి ట్రైలర్ అరువు తెచ్చుకున్నాను. దాని కప్లర్ 2 అంగుళాలది, నా కారు బాల్ 1 7/8 అంగుళాలది. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. పిడి చక్కగా మూసుకుంది, అది తెరుచుకోకుండా పిన్ను కూడా పెట్టాను. రైలు పట్టాలు దాటుతుంటే ఒక్క కుదుపుకు కప్లర్ ఎగిరి బాల్ మీదనుంచి జారిపోయింది. ట్రైలర్‌నుంచి కారుకు కట్టిన గొలుసులు పట్టి ఆపాయి. అప్పటినుంచి గొలుసులు కింద అడ్డంగా, ఒకదానిమీదుగా ఒకటి దాటించి కడతాను. ట్రైలర్ ముక్కు జారినా వాటి మీద పడుతుంది, రోడ్డును గుచ్చుకోదు.

కప్లర్ కొలత దాని మీదే పోతపోసి ఉంటుంది, బాల్ కొలత దాని నెత్తిమీద ఉంటుంది. 1 7/8, 2, 2 5/16: రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి. మోయగల బరువు కూడా పక్కనే ఉంటుంది. ట్రైలర్, కప్లర్, బాల్, హిచ్, కారు, వీటిలో ఏది తక్కువ మోస్తే నీ హద్దు అదే.

ఇక బిగింపు. ట్రైలర్ నొగ వెడల్పు బయటి అంచులకు టేపు పెట్టి కొలువు. 2, 2½, 3 అంగుళాల కప్లర్లు దొరుకుతాయి. వదులుగా ఉన్న కప్లర్ కొని బోల్టులతో నొక్కి సరిచేద్దామనుకోకు. నొగ బోలు గొట్టం, బిగించినకొద్దీ గోడలు లోపలికి వంగుతాయి. పాత రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉంటే వాటిలోనే కొత్త బోల్టు వేయకు. బోల్టులు తయారీదారు చెప్పిన లావు, చెప్పిన గ్రేడువే, అంటే అంత బలం ఉన్నవే కొను. చాలావాటికి అరంగుళం, గ్రేడ్ 5 అడుగుతారు. తలమీద మూడు గీతలుంటే గ్రేడ్ 5. పాత నట్లు పారేసి, లోపల నైలాన్ కంకణం ఉన్న కొత్తవి వాడు. నొగ గోడలను దాటేచోట బోల్టుకు మర లేని నున్నటి భాగం ఉండాలి, మర ఉన్నచోటే బోల్టు తెగుతుంది. ఎంత బిగించాలో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది, బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో అంతే బిగించు.

కప్లర్ కింద ఒక సవరణ నట్ ఉంటుంది. బాల్ మీద పెట్టి పిడి మూసినప్పుడు గలగలలాడకూడదు, అలాగని మూయడానికి సుత్తి అవసరం కాకూడదు. ఈ రెంటికీ మధ్య ఆ నట్ తిప్పి చూసుకో. తగిలించిన ప్రతిసారీ నొగ జాకీతో ముక్కును పైకెత్తు. కారు వెనకభాగం కూడా లేస్తే దవడ నిజంగా పట్టినట్టు. లేవకపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టు.

యాభై మైళ్లు తిరిగాక బోల్టులు మరోసారి చూడు. ఆర్డరు పెట్టేముందు మాత్రం బాల్ నెత్తిమీది అంకె ఫొటో తీసి నాకు పంపు. నువ్వు పంపిన ఫొటోల్లో అదొక్కటే లేదు.

మీ మామయ్య