నీళ్లలో నిలబడిన బండికి తాళం పెట్టబాక

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

తుపాను వాన తెరిపిచ్చింది, స్వర్ణముఖి ఏటి ఉధృతి తగ్గింది అనేసరికి నువ్వూ, నీ కార్ల పిచ్చి పిలకాయలూ షెడ్డు కాడికి పరిగెత్తుంటారు. మారుతి 800, జిప్సీ, ప్రీమియర్ పద్మిని కార్లు మూడూ ఒక రాత్రంతా నీళ్లలోనే ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఈ ఉత్తరం చివరిదాకా చదివేంతవరకూ తాళాలు జేబులోనే ఉంచండి. నీళ్లలో నిలబడినందుకు పాడయ్యే ఇంజన్లు తక్కువ. ‘ఒకసారి తిప్పి చూద్దాం’ అన్నందుకు పోయేవే ఎక్కువ.

లెక్క చెప్తా విను. 800 లో ఒక్కో సిలిండర్ 265 సీసీ. పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా సుమారు 35 సీసీ, అంటే అర టీ గ్లాసు. గాలైతే అందులో అణుగుతుంది, నీళ్లు అణగవు. అంతకు మించి నీళ్లుండగా సెల్ఫ్ కొట్టావంటే పిస్టన్ ఆగిపోతుంది, కింద దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. డీజిల్ బండిలో ఆ జాగా ఇంకా తక్కువ, దెబ్బ ఇంకా గట్టిది. సెల్ఫ్ వద్దన్నారని నలుగురూ కలిసి తోసి స్టార్ట్ చేయబాకండి, అదీ ఇంతే.

ముందు బానెట్ మీద కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి తెరవండి. వరద తగ్గాక పాములూ తేళ్లూ ఇంజన్ మీదికీ సీట్ల కిందికీ చేరుంటాయి. కడగకముందే నీటి గీత ఎంతవరకు వచ్చిందో లోపలా బయటా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు అదే రోజు తెలపండి. థర్డ్ పార్టీ పాలసీకి వరద నష్టం రాదు. ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే పాలసీ) ఉంటే వస్తుంది గానీ, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పగలగొట్టుకుంటే అది మీ తప్పు కిందికి పోతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా కట్టుంటేనే దానికి దారి.

బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పు, తర్వాతే ప్లస్. ప్లస్ ముందు పట్టుకుంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. హ్యాండ్ బ్రేక్ దించేసి చక్రాలకు రాళ్లు పెట్టండి. తడిసిన బ్రేక్ లైనర్లు రెండు రోజుల్లో డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరువు. కాగితం పొడిగా, బురద గీత లేకుండా ఉంటే సగం గండం గడిచినట్టే. తడిగా ఉంటే మాత్రం ఇంజన్‌లోకి నీళ్లు పోయాయనే అనుకుని పని మొదలుపెట్టాలి.

ఆయిల్ గేజి లాగి చూడు. మట్టం పెరిగినా, ఆయిల్ పాలు కలిపిన టీ లాగా కనిపించినా లోపల నీళ్లున్నట్టే. కొన్నిసార్లు గేజి శుభ్రంగానే కనిపించి మోసం చేస్తుంది, ఎందుకంటే ఇంజన్ తిరగనిదే నీళ్లు ఆయిల్‌తో కలవవు, బరువు గనక అడుగుకు చేరి కూర్చుంటాయి. అందుకే గేజి ఏం చెప్పినా ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు విప్పాల్సిందే. ముందు తెల్లటి నీళ్లు, వెనకాల ఆయిల్ వస్తాయి.

తర్వాత ప్లగ్గులన్నీ తియ్యి. 800కి మూడు, మిగతా రెండింటికి నాలుగేసి. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్యి. మరుసటి రోజు క్రాంక్ పుల్లీ (ఇంజన్ పక్క బెల్టు తిప్పే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పు. రెండు చుట్లకు గానీ నాలుగు స్ట్రోకులూ పూర్తి కావు. యాడైనా బిగుసుకుంటే బలవంతం చేయబాక, వెనక్కి తిప్పి ఇంకొంచెం ఆయిల్ పోసి ఆగు. తేలిగ్గా తిరిగితే బ్యాటరీ తిరిగి తగిలించి, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్‌కు వచ్చే సన్న వైరు పీకేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ రెండు మూడు సెకన్లు కొట్టు. మిగిలిన నీళ్లు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి, మొహం అడ్డం పెట్టబాకండి.

ప్లగ్గులూ వైరూ తిరిగి బిగించి, కొత్త ఆయిల్ ఫిల్టర్ వేసి, చౌక 20డబ్ల్యూ-40 ఆయిల్ పొయ్యండి. 800కి మూడు లీటర్ల లోపే పడుతుంది. పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి వేడి మీదే దించేసి, ఫిల్టర్‌తో సహా మళ్లీ కొత్తది. రెండు మూడు వందల కిలోమీటర్లకు మూడోసారి. ఆయిల్ ఖర్చు చూసి ఇక్కడ పిసినారితనం చేస్తే బేరింగులు తింటుంది.

పెట్రోలు సంగతి మరిచిపోతారు. ఇప్పుడు పోసేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది నీళ్లను పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో సహా వేరుపడి ట్యాంకు అడుగున చేరతాయి, పంపు ముందు పీల్చేది అదే. ట్యాంకు పూర్తిగా దించి ఒక సీసాలో పోసి పది నిమిషాలు చూడు, గీత పడితే మొత్తం పారబోయాల్సిందే. కార్బరేటర్ గిన్నె కూడా విప్పి తుడువు.

జిప్సీలో నూనె నాలుగు చోట్ల ఉంటుంది: గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ బలం పంచే పెట్టె), ముందూ వెనకా డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య గేర్ల పెట్టె). పద్మినికి గేర్ బాక్సూ వెనక డిఫరెన్షియలూ చూసుకో. వేడిగా ఉన్న పెట్టె చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీళ్లను పీల్చుకుంటుంది. అందుకే రోడ్డు మీద నడుస్తూ మునిగిన బండికి, తిరుపతి వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి లాంటి చోట ఇరుక్కున్నదానికి, ఇది ఇంకా ఎక్కువ. నూనె తెల్లబడితే మార్చు. చక్రాల బేరింగులు కడిగి కొత్త గ్రీసు, బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం కొత్తది.

లోపల బురద ఎండకముందే కడగాలి, ఎండితే సిమెంటే. సీట్లు విప్పు, కార్పెట్ లేపు, కింద ఉండే ఫోమ్ బయటికి తియ్యి. పైన ఎండినట్టుండి అదే నెలల తరబడి తడి పట్టుకుని ఫ్లోరును తినేస్తుంది. ఫ్లోరులోని రబ్బరు బిరడాలు పీకితే నీళ్లు దిగిపోతాయి. కార్తీక మాసం ఎండను నమ్మబాకండి, తలుపులు తెరిచి ఫ్యాన్లు పెట్టండి. కొత్త బండ్లు పట్టేటప్పుడు సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగాకే ముట్టుకోవాలి.

వైరింగ్ కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టండి. మన చెరువు నీళ్లు కాబట్టి ఇంతటితో సరి. సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సు పొంగి మునిగిన బండి అయితే ఉప్పు నీళ్లు. పిన్నుల మీద పచ్చటి చిలుము వారం తిరక్కుండానే పడుతుంది. దాన్ని రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగాకే మిగతా పని, అయినా హార్నెస్ (వైర్ల కట్ట) మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకోటి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకు మునిగినట్టుగా మద్రాసులో బండ్లు మునిగినప్పుడల్లా, పాలిష్ కొట్టించుకుని చౌక ధరకు అమ్మకానికి వస్తాయి. మీకు చౌక బేరమంటే ప్రాణం గదా. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఎవ్వరూ అంతవరకు కడగరు, బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట చూడండి. ఏసీ వేస్తే మురుగు వాసన కొడితే ధర అడగకుండానే వచ్చెయ్యండి.

ముందు 800 పని పట్టు, దానితో చెయ్యి తిరుగుతుంది. పద్మిని క్రాంక్ తిప్పేరోజు ఫోన్ చెయ్యి, పెద్ద స్పానర్ సెట్టు తీసుకుని వస్తా.

ఇట్లు
మీ మామ