అది కొక్కెర తెగులు కాదు, ఈ.కోలై: ముందు మొదటి రోజు మందు ఆపండి

ప్రశ్న: మాది 3,000 బ్రాయిలర్ కోళ్ల షెడ్డు. వానలు మొదలయ్యాక వరుసగా రెండు బ్యాచ్‌లలో 18–20 రోజుల వయసు వచ్చేసరికి కోళ్లు గురక పెడుతూ, మేత తగ్గించి, రోజుకు 25–30 దాకా చనిపోతున్నాయి. ఇప్పుడున్న బ్యాచ్‌కు 23 రోజులు. కొక్కెర తెగులనుకుని, దానికి వేసే లసోటా టీకా మళ్లీ వేశాం. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర కనిపించింది. షాపులో ఇచ్చిన యాంటీబయోటిక్ ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు నుంచే వాడతాం. జబ్బు వచ్చాక ఎన్రోఫ్లోక్సాసిన్ 10 శాతం మందు రోజుకు 100 మి.లీ. చొప్పున వారం పోసినా తగ్గలేదు. బ్యాక్టీరియా జబ్బులకు కూడా టీకా ఉందంటున్నారు. మందుతో పాటు నీళ్లలో కలిపి ఇవ్వవచ్చా?
– ఒక రైతు, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా

జవాబు: మీ కోళ్లకు వచ్చింది కొక్కెర కాదు. కొక్కెర అయితే ఆకుపచ్చ విరేచనాలు, మెడ తిరగడం, కోసి చూస్తే జఠరంలో రక్తపు చుక్కలు ఉంటాయి. గుండె, కాలేయం మీద తెల్లపొర ఈ.కోలై బ్యాక్టీరియా గుర్తు. జబ్బుతో ఉన్న కోళ్లకు లసోటా మళ్లీ వేయడం తప్పు. అది బతికున్న వైరస్ టీకా. అప్పటికే దెబ్బతిన్న శ్వాసనాళం మీద ఇంకో భారం పడింది.

టీకా విషయం. ఈ.కోలైకి టీకా ఉన్న మాట నిజమే, కానీ అది జబ్బు వచ్చిన కోడికి మందు కాదు. బలహీనపరిచిన, బతికున్న బ్యాక్టీరియానే అందులో ఉంటుంది. పిల్ల పుట్టిన మొదటి రోజే హేచరీలో (పిల్లలను పొదిగించే చోట) పెద్ద తుంపరల స్ప్రేగా కొడతారు. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మీకు జబ్బు వస్తున్నది సరిగ్గా ఆ తర్వాతే కాబట్టి మీలాంటి వారికి ఉపయోగం ఉంది. పిల్లలు బుక్ చేసేటప్పుడే హేచరీతో మాట్లాడుకోండి. ఇప్పుడున్న బ్యాచ్‌కు వేసి లాభం లేదు.

అసలు చిక్కు మీరు మొదటి రోజు నుంచి పోస్తున్న యాంటీబయోటిక్. టీకాలో ఉన్నదే బ్యాక్టీరియా అయినప్పుడు, ఆ మందు టీకానూ చంపేస్తుంది. టీకాకు ముందు వారం, తర్వాత వారం యాంటీబయోటిక్ తగలకూడదు. మందుతో కలిపి ఇస్తే టీకా డబ్బు నేలపాలే. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి, నేను టీకానే ఎంచుకోమంటాను.

ఆ మొదటి రోజు మందు ఎవరు రాశారు? షాపు ఆయన మీ షెడ్డులోకి వచ్చి ఒక్క కోడినైనా కోసి చూశారా? జబ్బే లేని పిల్లకు మందు పోస్తే, మందుకు లొంగని క్రిములు మాత్రమే షెడ్డులో మిగులుతాయి. వచ్చే బ్యాచ్‌కు అవే కాచుకుని ఉంటాయి. జబ్బు వచ్చాక పోసిన మోతాదు కూడా చాలదు. కిలో బరువుకు 10 మి.గ్రా. అంటే, ఒక్కోటి కిలో తూగే 3,000 కోళ్లకు రోజుకు 300 మి.లీ. కావాలి. మీరు మూడో వంతు పోశారు, అది క్రిములకు శిక్షణ ఇచ్చినట్టే. అలాగని ఇప్పుడు 300 పోయకండి, ఆ మందు ఇంకా పనిచేస్తుందో లేదో పరీక్షలో తేలాలి. షాపులో కొలిస్టిన్ ఇస్తే తిప్పి పంపండి. మనుషులకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు చివరగా వాడే మందు అది. 2019 జూలైలోనే కేంద్రం దాన్ని కోళ్లకు, పశువులకు, చేపలకు నిషేధించింది.

టీకా వేసినా ఈ.కోలైలోని అన్ని రకాలకూ అది కాపు కాయదు. అందుకే గాలి, నీళ్లు చూసుకోవాలి. వానలకు పరదాలు రాత్రీ పగలూ దించేసి ఉంటారు. షెడ్డులోకి వెళ్లగానే మీ కళ్లు మండితే, నేలకు జానెడు ఎత్తులో ఊపిరి పీల్చే కోడి గతి ఆలోచించండి. అమ్మోనియా శ్వాసనాళాన్ని పుండు చేస్తుంది, ఈ.కోలై ఆ దారినే లోపలికి పోతుంది. పరదాల పైభాగం అడుగు మేర ఎప్పుడూ తెరిచి ఉంచండి. తడిసి గడ్డకట్టిన లిట్టర్ (నేల మీద పరిచిన పొట్టు) తీసేసి పొడి ఊకో వేరుశనగ పొట్టో వేయండి. కోళ్లు ఉండగా సున్నం చల్లకండి, అమ్మోనియా ఇంకా లేస్తుంది.

బోరు నీళ్లలో 1,000 లీటర్లకు 10 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, అరగంట ఆగి వదలండి. టీకా వేసే రోజు, దానికి ముందు రోజు, తర్వాతి రోజు మాత్రం బ్లీచింగ్ వద్దు. షెడ్డు ఖాళీ అయ్యాక పైపుల్లో 100 లీటర్లకు 3 లీటర్ల చొప్పున పైపులు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపి, 24 గంటలు ఉంచి, బాగా కడగండి. కోళ్లు ఉండగా ఈ పని చేయవద్దు. కొక్కెర టీకా 5–7 రోజులకు కంట్లో చుక్కగా, గంబోరో అనే మరో వైరస్ జబ్బు టీకా 12–14 రోజులకు, లసోటా 21 రోజులకు, ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే వేయండి. నీళ్లలో ఇచ్చే టీకాకు లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందే కలపాలి.

ఇక ఈ బ్యాచ్‌కు చేయాల్సింది: చనిపోయినవాటిని రోజూ తీసి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. మందు మార్చే ముందు జబ్బుతో ఉన్న మూడు నాలుగు కోళ్లను బతికుండగానే తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకురండి, ఏ మందుకు క్రిములు లొంగుతాయో పరీక్ష చేయిస్తాం. అప్పుడు ఒకే మందు, పూర్తి మోతాదులో, డాక్టర్ చెప్పినన్ని రోజులు. మందు ఆపాక, మాంసంలో దాని అవశేషాలు పోవడానికి ఆగాలని సీసా మీద రాసినన్ని రోజులు పూర్తయ్యాకే కోళ్లు అమ్మాలి. వచ్చేటప్పుడు ఇప్పటిదాకా పోసిన మందుల సీసాలన్నీ తెండి. రాత్రి చనిపోయి ఉబ్బిన కోడి పరీక్షకు పనికిరాదు.