టీ మీద బంతిని బాదేస్తాడు, మ్యాచ్‌లో మాత్రం గాలిని కొడుతున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. బేస్‌బాల్ అంటే ప్రాణం. ప్రాక్టీస్‌లో టీ (బంతిని నిలబెట్టే స్టాండు) మీద పెట్టిన బంతిని చాలా దూరం కొడతాడు. మ్యాచ్‌లో మాత్రం బ్యాట్‌కి బంతి తగలదు. టెన్షన్ వల్ల అంటున్నాడు. బ్యాటింగ్ ఎలా బాగుపడుతుంది? దీన్ని కెరీర్‌గా తీసుకోనివ్వచ్చా? - ఒక తండ్రి

జవాబు: టెన్షన్ కొంత ఉండొచ్చు. కానీ టీ మీద బంతి కదలదు, అసలు తేడా అక్కడే ఉంది. పిచర్ (బంతి వేసేవాడు) నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) దూరం 18.44 మీటర్లు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సుమారు 0.4 సెకనులో వచ్చేస్తుంది. అందులో స్వింగ్‌కే, అంటే బ్యాట్ తిప్పడానికే, దాదాపు 0.15 సెకను పోతుంది. కొట్టాలా, వదిలేయాలా అన్నది మిగిలిన పావు సెకనులో తేలిపోవాలి. మీ అబ్బాయి ఇప్పటిదాకా చేతులకు శిక్షణ ఇచ్చాడు, ఇక కళ్లకు ఇవ్వాలి.

పిచర్లు ప్రాక్టీస్ చేస్తున్నప్పుడు, కోచ్ అనుమతితో, హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ స్థానంలో నిలబడమనండి. స్వింగ్ చేయకూడదు. బంతి చేతి నుంచి వదిలిన వెంటనే అది ఫాస్ట్‌బాలా (వేగంగా వచ్చేది), కర్వ్‌బాలా (వంగి వచ్చేది), ఛేంజప్పా (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చేది) అని పైకి చెప్పాలి. స్ట్రైకా (కొట్టదగ్గ పరిధిలో వచ్చిందా), బాలా (ఆ పరిధి బయటికి పోయిందా) అన్నది కూడా చెప్పాలి. చూసేవాళ్లకి విసుగ్గా ఉంటుంది గానీ, వంద స్వింగ్‌ల కంటే ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఆ తర్వాత బ్యాటింగ్ ప్రాక్టీస్‌లోనూ ఏ రకం బంతి వస్తుందో ముందే తెలియకుండా కలిపి వేయించాలి.

ఇక శరీరం సంగతి. పక్క నుంచి ఒక వీడియో తీసి నెమ్మదిగా చూడండి. ముందు కాలు నేలకు ఆనకముందే చేతులు బయల్దేరుతున్నాయా? బరువంతా ముందుకు ఒరిగిపోతోందా? ముందు భుజం తొందరగా తెరుచుకుని, దాంతో పాటు తల కూడా పక్కకు తిరుగుతోందా? కాలు ఆనాలి, తర్వాత నడుం తిరగాలి, చేతులు చివర రావాలి. ఒంటికి దగ్గరగా వచ్చే బంతిని ప్లేట్‌కి కాస్త ముందే అందుకోవాలి, ఒంటికి దూరంగా వచ్చే బంతిని మరికొంత వెనక్కి రానివ్వాలి. టీని ముందుకూ వెనక్కూ జరిపితే ఇది బాగా అలవాటవుతుంది, కాబట్టి టీని అటక ఎక్కించేయకండి. బ్యాట్ బరువెక్కువైతే మాత్రం ఇవేవీ కుదరవు, ముందు అది చూడండి.

కెరీర్ మాటకొస్తే, స్కౌట్లు (జట్ల కోసం కొత్త ఆటగాళ్లను వెతికేవాళ్లు) బ్యాటర్‌లో సాధారణంగా ఐదు చూస్తారు: బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, త్రో. బ్యాటింగ్ ఇందులో రెండే. మీవాడి పరుగూ త్రో ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. కోచ్‌ని సూటిగా అడగండి, జవాబు నచ్చకపోయినా వినండి. చదువు మాత్రం ఆపించకండి. ఆటగాడిగా కుదరకపోయినా కోచింగ్, ఫిట్‌నెస్ శిక్షణ, ఆటల డేటా విశ్లేషణ లాంటి దారులున్నాయి, వాటికీ చదువు కావాలి.

ఇంకొకటి, మ్యాచ్ అయ్యాక ఎన్ని హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కొట్టావని అడగకండి. 1941లో అమెరికా ఆటగాడు టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు .406, అంటే పదింటికి సుమారు నాలుగు హిట్లు. ఈనాటికీ గొప్పగా చెప్పుకునే ఆ సీజన్‌లో కూడా ఆయనకు పదింటిలో సుమారు ఆరుసార్లు హిట్ రాలేదు. ఎన్ని చెడ్డ బంతుల్ని వదిలేశాడో అడిగి, ఆ లెక్క రెండు నెలలు రాయించండి. అది పెరుగుతుంటే హిట్లు ఆలస్యమైనా కంగారు పడక్కర్లేదు.