ఆర్కిటెక్ట్‌గా ఆఫీసు నడుపుతూ, కొత్త పద్ధతుల్లో ఇళ్లు కడుతూ, కాలేజీలో పాఠాలు కూడా చెప్పడం కుదురుతుందా?

కుదురుతుంది. తిరుపతిలో నాకు చిన్న ఆఫీసు ఉంది, ఆరేళ్లుగా వారానికి రెండు రోజులు బి.ఆర్క్. (ఆర్కిటెక్చర్ డిగ్రీ) పిల్లలకు డిజైన్ స్టూడియో, అంటే వాళ్ల చేత డిజైన్లు చేయించే క్లాసు, తీసుకుంటున్నాను. కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టాలని కూడా ఉందన్నారు కాబట్టి డబ్బు సంగతి ముందే చెప్పేస్తా. గెస్ట్ ఫ్యాకల్టీకి గంటల లెక్కన ఇచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. కానీ క్లయింట్ ఫోన్ ఎత్తడం మానేసిన నెలల్లో ఆఫీసు అద్దె దాంతోనే కట్టాను.

అసలు లాభం వేరే. తిరుచానూరు వైపు ఒక ఇంటికి ర్యాట్ ట్రాప్ బాండ్ గోడలు పెట్టాను. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన పద్ధతే. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు, తొమ్మిదంగుళాల గోడ లోపల మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పావు వంతు తగ్గుతాయి, రోహిణి కార్తె ఎండ గదిలోకి అంత తొందరగా దిగదు. బేల్దారి మేస్త్రి మాత్రం "గోడలో ఎలుకలు కాపురం పెడతాయి సార్" అన్నాడు. రెండు వరసలు నేనే పేర్చి చూపించాక దారికొచ్చాడు. అంతా అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి, మామూలు గోడే అనుకుని వైర్ల పైపు కోసం గాడి కొట్టాడు. ఇటుక పగిలి లోపలి ఖాళీ బయటపడింది. తప్పు నాదే, పైపులు ఎటు వెళ్లాలో డ్రాయింగులో చూపించలేదు.

మర్నాడు ఆ ఫొటోలే క్లాసులో పెట్టాను. వెనక బెంచీలో ఒకమ్మాయి "మరి దేవుడి పటానికి మేకు ఎక్కడ కొట్టుకోవాలి సార్?" అంది. నేను నోరు మెదపలేదు. ఇప్పుడు స్విచ్ బోర్డులు, మేకులు వచ్చే చోట ఖాళీ లేకుండా నిండుగా కట్టమని ప్రతి డ్రాయింగులో గుర్తు పెడుతున్నా.

పిల్లల్ని ఏటా చంద్రగిరి రాజమహల్‌కు తీసుకెళ్తాను. రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు, కలప అన్నదే లేదు. స్లైడులు చూపిస్తే ఆవలించేవాళ్లు అక్కడ తలెత్తి బరువు ఎటు దిగుతోందో వాదించుకుంటారు. ఆ వాదనలు వింటుంటే నాకే కొత్త ఆలోచనలొస్తాయి.

రెండు పడవల మీద కాళ్లెందుకని ఇంట్లో అంటే ఆర్కిటెక్ట్ బి.వి. దోషి పేరు చెప్పండి. 1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ స్కూలు మొదలుపెట్టారు, ప్రాక్టీసు వదల్లేదు, 2018లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. (ఆయనతో మనకు పోలికేంటి అనుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది.)

కోర్సు అవగానే పాఠాలకు మాత్రం వెళ్లకండి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ చేయించుకుని నాలుగైదేళ్లు సైట్లో దుమ్ము తినండి. స్లాబ్ వేసే రోజు క్లాసు ఒప్పుకోవద్దు. నేను ఒకసారి ఒప్పుకుని, పిల్లల డిజైన్లకు మార్కులు వేసే జ్యూరీలో కూర్చుని బల్ల కింద మేస్త్రికి మెసేజీలు పెట్టాను. ఆ పిల్లాడి మోడల్ ఏమిటో ఇప్పటికీ గుర్తు లేదు.